మంత్రిగారి కణత్వచం

"ఈ రోజు నుంచి మా ఆఫీసు ఆఫీసు కాదు, సజీవ కణం!" అని విద్యామంత్రిగారు ప్రకటించగానే పత్రికలవాళ్లు చప్పట్లు కొట్టారు. గేటు దగ్గర రిజిస్టరు రాసే గుమాస్తాని, నేనూ కొట్టాను. ఎందుకో అడక్కండి.

ఐడియాకి మూలం ఒక జీవశాస్త్రం మాస్టారు. ముందువారం మంత్రిగారు వాళ్ల కాలేజీకి వెళ్తే కణత్వచం, అంటే కణం చుట్టూ ఉండే పొర, బొమ్మ గీసి చూపించారు. రెండు వరుసల కొవ్వు అణువులట. తలలకు నీళ్లంటే ప్రాణం, తోకలకు గిట్టదు. అందుకని తలలు చెరోవైపు బయటికి పెట్టి, తోకలు మధ్యలో దాచుకుంటాయి. ఆక్సిజన్ లాంటి చిన్నవి వాటంతటవే దూరిపోతాయి, చాలావాటికి మాత్రం సైజుకీ ఆకారానికీ తగిన ప్రోటీన్ ద్వారం ఉండాలి. నీళ్లకైతే సొంత ద్వారాలే ఉంటాయట.

"కానీ పొర గోడ కాదు సార్. కావలసింది లోపలికి రాకపోతే కణం చస్తుంది," అని కూడా అన్నారు మాస్టారు. అప్పటికే మంత్రిగారు ఫొటోకి లేచారు. లేస్తూ, నెలాఖరుకి మూసేయబోతున్న మాస్టారి డిపార్ట్‌మెంటు గురించి "కాగితం పట్టుకుని ఆఫీసుకి రండి, నిలబెడతాను" అని మాటిచ్చారు. ఎంత దొడ్డ మనసు!

ప్రకటన మర్నాడే మా గేటు ముందు సెక్యూరిటీవాళ్లు రెండు వరుసల్లో, వీపూ వీపూ ఆనించి నిలబడ్డారు. ఒక వరుస జనానికేసి, ఒక వరుస మంత్రిగారికేసి నవ్వాలి. ఆహా, ఎంత శాస్త్రీయం!

మాస్టారు అర్జీతో వచ్చారు.

"మీరు ఆక్సిజనా?" అన్నాడు పీఏ.

"మాస్టార్ని బాబూ. ఆ బొమ్మ గీసింది నేనే."

"అయితే ఊరికే దూరలేరు. ద్వారం కావాలి."

ఇంతలో మంత్రిగారి బావమరిది కారు దిగి, సరాసరి లోపలికి వెళ్లిపోయాడు.

"మరి ఆయన?"

"నీళ్లు. నీళ్లకి సొంత ద్వారాలుంటాయని చెప్పింది మీరేగా!"

మర్నాడు అర్జీ లావుగా ఉందన్నారు. మాస్టారు నాలుగు పేజీలు ఒక్క పేజీకి కుదించారు. ఆకారం సరిపోలేదన్నారు. ఎమ్మెల్యే ఉత్తరం జత చేస్తే సరిపోతుందట. పాపం, కాళ్లరిగేలా తిరిగి తెచ్చారు. తెచ్చేసరికి ఆ ఎమ్మెల్యే పార్టీ మారాడు, కావలసిన ఆకారమూ మారింది.

"నాకోసం కాదు బాబూ! ముప్ఫైమంది పిల్లలు సగం చదువులో ఉన్నారు," అని మాస్టారు పీఏ చెయ్యి పట్టుకున్నారు.

"మీ పాఠమే మాస్టారూ, మేం తప్పగలమా?"

ఆ క్రమశిక్షణకి నా కళ్లు చెమర్చాయి.

నెలాఖరున మంత్రిగారు ఫైలు ముందేసుకుని నన్ను పిలిచారు. "ఈ డిపార్ట్‌మెంటు ఉండాలని ఎవరైనా వచ్చి అడిగారా? ఆ మాస్టారికి మాట కూడా ఇచ్చానే."

రిజిస్టరు తిప్పాను. గడప దాటినవాళ్ల పేర్లే రాయడం మా పద్ధతి.

"లేదు సార్."

"అసలు రానేలేదా! అంటే ఆయనకే అక్కర్లేదన్నమాట." మంత్రిగారు నిజంగా నొచ్చుకున్నారు. నొచ్చుకుంటూనే మూసివేతకు సంతకం పెట్టారు.

ఆర్డరు తీసుకుని బయటికొచ్చాను. నన్నెవరూ ఆపలేదు. మాస్టారు గేటు పక్క బెంచీ మీద కూర్చుని ఉన్నారు. పన్నెండోసారి రావడం. కాగితం ఇస్తే చదివారు.

"అందినట్టు ఇక్కడ సంతకం పెట్టండి మాస్టారూ," అంటూ రిజిస్టరు చాపాను.

పెట్టారు. మా రిజిస్టరులోకి ఆయన పేరు ఎక్కడం అదే మొదలు.