పోతమ్మ గంపకు రక్త పరీక్ష

ఆ మంగళవారం పొద్దున్న పోతమ్మ అనుకున్నది చాలా చిన్న పని. భీమిలి రేవులో ఎత్తుకున్న చేపల్ని మధురవాడ అపార్ట్‌మెంట్లలో పదకొండుకల్లా అమ్మేసి, ఇంటికొచ్చి ఇంత అన్నం తినాలి. ఇరవై ఏళ్ళుగా చేస్తున్నదే. కూతురు రాణి ఫోను పట్టుకుని గుమ్మంలో అడ్డం నిలబడకపోతే ఆ రోజూ అలాగే గడిచేది.

రాణి నగల షాపు కౌంటర్లో పనిచేస్తోంది. చెంపల నిండా మొటిమలు. మేనేజరు మొహమాటం లేకుండా, ఇలాగైతే వెనకగదిలో ప్యాకింగుకు పొమ్మన్నాడు. పాపం పిల్ల హడలిపోయి ద్వారకా నగర్‌లో ఓ క్లినిక్‌కు పరిగెత్తి రక్తం ఇచ్చొచ్చింది. ఏ తిండి ఒంటికి పడదో తొంభై రకాలకు తేల్చి చెప్పేస్తారట; పడనిది ఎరుపు, పడేది ఆకుపచ్చ. ఆ రిపోర్టే పొద్దున్న ఫోనుకొచ్చింది.

"అమ్మా, నానింక సేపలు తిన్ను. సూడు, అన్నీ ఎరుపే. వంజరం, సందువ, రొయ్యలు, ఆఖరికి ఎండు నెత్తళ్ళు కూడా."

"మరి నీకు ఏటి పడతాదంటే?"

"ఓట్సు. పుట్టగొడుగులు."

"ఓలమ్మోలమ్మ! సేపల పులుసుతో పెరిగిన గుంటవి, నీకు సేప పడకపోడమేటే! ఆ మిసను తగలెట్టా!"

తిట్టింది గానీ పోతమ్మకు గుండెల్లో రాయి పడింది. ఆవిడ వ్యాపారానికి బోర్డు లేదు, బిల్లు లేదు. ఉన్నదల్లా ఒక్క మాట: "మా రాణి తినే సేపేనమ్మా ఇది." ప్రతి గుమ్మంలోనూ ఆ మాట అన్నాకే గంప దించేది. అది ఉత్త మాట కూడా కాదు. కూతురికి నాలుగు ముక్కలు తీసి పక్కన పెట్టాకే బస్సెక్కేది. ఆ రోజు తియ్యలేదు.

మొదటి బేరం సుధారాణి గారింట్లో. రిటైరైన టీచరు, అపార్ట్‌మెంట్ కమిటీ సెక్రటరీ. పోతమ్మ ఆ మాట అనకుండానే గంప దించడం చూసి ఆవిడ నవ్వింది.

"ఏం పోతమ్మా, ఇవాళ మీ రాణి తినలేదా?"

"నేదమ్మా. దానికి సేపలు పడట్నేదంట. రకత పరీచ్చలో తేలింది. మొకమ్మీద పొక్కులు అందుకేనంట."

నోరు మూసుకుంటే ఏం పోయేది? అబద్ధమాడటం చేతకాని మనిషి వ్యాపారంలోకి ఎందుకు దిగాలి?

పది గంటలకు కమిటీ వాట్సాప్‌లో, చేపలమ్మ కూతురికి చేపలు పడవని వచ్చింది. పదకొండుకు, ఆ చేపలు తినే పిల్ల మొహం పాడైందని వచ్చింది. మధ్యాహ్నానికి గంపలో రసాయనాలున్నట్టు రక్త పరీక్షలో రుజువైపోయింది. మర్నాడు వాచ్‌మన్ అర్జునరావు గేటు తియ్యలేదు.

"నానేటి సెయ్యనప్పా, కమిటీ ఒప్పుకోట్నేదు."

"కమిటీవోల పిల్లలు నా సేపలు తినే పెరిగినారు గదరా!"

"ఆలకది గురుతు నేదప్పా."

పోతమ్మకు ఏడుపొచ్చింది, గేటు ముందే ఏడ్చింది. పక్క అపార్ట్‌మెంట్లకూ ఆ మెసేజీ అప్పటికే చేరిపోయింది. నెల తిరిగేసరికి పోతమ్మ గంప వదిలేసి, ఓ కాలేజీ హాస్టల్లో చీపురు పట్టింది.

రాణి మాత్రం మూడు నెలలు ఓట్సు మింగింది. మొటిమలు రెట్టింపయ్యాయి. చివరికి పెద్దాసుపత్రికి వెళితే డాక్టరు రిపోర్టు చూసి విసుక్కున్నాడు.

"రోజూ తినేదానికి ఇందులో ఎరుపే వస్తుందమ్మా. తింటున్నావని దానర్థం, పడదని కాదు. మొహానికేం రాస్తున్నావ్?"

తెల్లబడటానికి మందుల షాపులో అడిగి కొన్న క్రీము రాస్తోంది. అది మానేసి డాక్టరు రాసిన మందు వాడితే, కొన్నాళ్ళకు మొహం తేటపడింది. రాణి తల్లి ఒళ్ళో తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

"నీ గంప నానే ముంచీసినానమ్మా!"

"నువ్వేటి ముంచేవే. నా నోరే ముంచీసింది," అంది పోతమ్మ.

ఆ వారమే సుధారాణి గారు ఫోను చేశారు. గ్రూపు డిస్కౌంటు ఇస్తారంటే కమిటీ ఆడవాళ్ళంతా వెళ్ళి అదే పరీక్ష చేయించుకున్నారట. అన్నం, పప్పు, పెరుగు, గోధుమలు, కోడిగుడ్డు, అన్నీ ఎరుపే. నెలల తరబడి ముట్టని చేప ఒక్కటే పచ్చగా వచ్చింది.

"రేపట్నించి మా బ్లాకంతటికీ నువ్వే తేవాలి పోతమ్మా! మాకు పడేది నీ చేపలేనట!"

"నాను గంప మానీసినానమ్మా. హాస్టల్లో గదులు తుడుత్తన్నాను."

"అయ్యయ్యో, ఎంత అన్యాయం!" అంటూ సుధారాణి గారు నిజంగానే కన్నీళ్ళు పెట్టుకున్నారు. పాపం, వాళ్ళింట్లో తినడానికి ఇంకేమీ మిగల్లేదు.