మా ఆయనకు ముఖ్యమైనవి నాలుగు

మా ఆయన డెల్ఫీన్, మా ఊరు కయాంబెలోని రోజాల తోటలో ఇరవయ్యారేళ్లుగా కాడలు కొలిచి కట్టలు కడుతున్నాడు. ఈసారి పనితీరుకు మార్కులు వేస్తామని కంపెనీవాళ్లు ఒక కాగితం ఇచ్చి పంపారు. "మీ జీవితంలో ముఖ్యమైనవి నాలుగు, వరసగా రాయండి."

తక్కువ మార్కులొచ్చినవాళ్లను దూరాన లాటకుంగాలోని కొత్త తోటకు తోలేస్తారని పక్కింటి రోసెండా చెప్పింది. నావాళ్లలో చెయ్యూపి వెళ్లినవాళ్లే ఎక్కువ, తిరిగొచ్చినవాళ్లు తక్కువ.

ఆయనకు సంతకం తప్ప రాదు. నేను సొంతంగా చదువు నేర్చుకున్నదాన్ని. కలం తీశాను.

"ఏం రాయమంటావయ్యా?"

"శాన్ పెద్రో పండగలో వీధిన ఆడే ఆట. పెరట్లో గినీ పందులు. తర్వాత చూద్దాం."

"మరి నేనో?"

"నువ్వు కాగితంలో పట్టవులే ముసలీ."

ఈ మనిషి మాట రాస్తే కొంప మునుగుతుంది. గుండ్రంగా రాశాను: ఒకటి, రోజాలు. రెండు, కంపెనీ. మూడు, తోట చూసే ఇంజనీరు గారి ఆరోగ్యం. నాలుగు, మళ్లీ రోజాలే.

వారం తిరిగేసరికి గేటు దగ్గర బోర్డు పెట్టారు. దగ్గరికెళ్లి చదివాను. "మొదటి స్థానం: డెల్ఫీన్ ఫరినాంగో. ఇల్లూ వాకిలీ పట్టని మనిషి కనుక లాటకుంగాకు మేస్త్రీగా పంపుతున్నాం."

ఇంజనీరు గారి గదిలోకి పరిగెత్తాను.

"బాబూ, అదంతా అబద్ధం! ఆయనకు రోజాలంటే తుమ్ములు! మొదట పండగ, తర్వాత గినీ పందులు, నేను లెక్కలోనే లేను! ఆ మార్కులు తీసెయ్యండి బాబూ!"

"జోయిలమ్మా, ఆ బోర్డు నిన్నటిది. పొద్దున్నే మీ ఆయన వచ్చి, పాత కాగితం చించి ఈ కాగితం పెట్టుకోమన్నాడు."

ఆ కాగితం నా ముందు పెట్టాడు. వంకర అక్షరాలు. "ఒకటి, ఆరింటికల్లా ఇంట్లో ఉండాలి. లేకపోతే జోయిలా బెంగపడి రోడ్డెక్కుతుంది. రెండు, గినీ పందులు. మూడు, ఆట. నాలుగు, రోజాలు, టైముంటే."

రెండుసార్లు చదువుకున్నాను. "మరి మార్కులు?"

"పదికి ఏడు. కాడ విరగ్గొట్టడు కాబట్టి ఏడు. ఆరు దాటాక ఒక్క నిమిషం ఉండడు కాబట్టి మూడు పోయాయి. లాటకుంగాకు ఇంకొకణ్ణి చూసుకుంటాం."

ఇల్లు చేరేసరికి ఆరున్నర. మా ఆయన టోపీ లేకుండా వీధిలో తిరుగుతూ, ప్రతి గుమ్మం ముందూ నా పేరు పెట్టి అరుస్తున్నాడు.

"ఎక్కడికి పోయావే? టైమెంతైందో తెలుసా?"

"అది సరే, నీకు రాయడం ఎప్పుడొచ్చింది?"

"రాలేదు. రోసెండా రాసి చూపిస్తే అక్షరం అక్షరం దించాను. నిన్న బోర్డు మీద నా పేరు మొదట ఉందనగానే, నువ్వేం రాసి ఉంటావో అర్థమైంది ముసలీ. నిజం రాస్తే నాకెప్పుడైనా మొదటి స్థానం వస్తుందా?"