గేటు దగ్గర లాల్ గారు

ఆ ఆదివారం పొద్దున్న పుయా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి ఆటో ఎక్కి బస్టాండుకు వెళ్లాలి. అక్కణ్ణుంచి కైకలూరు వైపు పోయి, కొల్లేటి గూడబాతుల్ని చూసి, సాయంత్రానికి తాడేపల్లిగూడెం తిరిగొచ్చేయాలి. పక్షులైతే పలకరించకపోయినా కష్టపెట్టుకోనక్కర్లేదని అతని ఆలోచన.

మిజోరం నుంచి ఇక్కడి ఉద్యాన కళాశాలకు పురుగుల శాస్త్రవేత్తగా వచ్చి నాలుగు నెలలైంది. పూర్తి పేరు లాల్‌రిన్‌పుయా. కాలేజీలో డాక్టర్ లాల్. పుయా అన్న ఇంటిపిలుపు ఈ ఊళ్లో పలికినవాళ్లే లేరు. ఐదో అంతస్తులో ఒక్కడే అద్దెకుంటున్నాడు. పొద్దున్నే కాలేజీ బస్సుకు పోయి చీకటి పడుతుండగా వస్తాడు. లిఫ్టులో ఎదురైనవాళ్లు ఎవరింట్లోనో పనికొచ్చాడనుకుని తమ ఫోన్లు చూసుకునేవారు.

తెలుగు మాత్రం బాగానే పట్టుబడింది. పగలు విద్యార్థుల దగ్గర, సాయంత్రాలు సినిమాల్లో నేర్చుకున్నాడు. ఆకుకు ఎన్ని తెల్లదోమలున్నాయో లెక్కపెట్టడం వృత్తి కాబట్టి సినిమాల్నీ లెక్కపెట్టాడు. నలభై చూస్తే, తనలాంటి ముఖం ఆరింటిలో కనిపించింది. ఐదుసార్లు గేటు దగ్గర ‘శాబ్’ అంటూ నిలబడింది. ఆరోసారి హీరో చేతిలో తన్నులు తింది.

పొలాల్లోకి వేసుకునే ఖాకీ చొక్కా తొడుక్కుని గేటు దగ్గర ఆటో కోసం చూస్తున్నాడు. అపార్టుమెంటు వాచ్‌మన్ ముందురోజే చెప్పాపెట్టకుండా మానేసి పోయిన సంగతి అతనికి తెలియదు. మొదటి అంతస్తు బాల్కనీలోంచి మంగాయమ్మ గారు తొంగిచూశారు.

"వచ్చేసేవా బాబూ? ట్యాంకులో చుక్క లేదు, కాస్త మోటారెయ్యి నాయనా."

పుయా వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. ఆ భవనంలో ఒక మనిషి అతనితో అన్న మొదటి మాట అది. పైగా నాయనా అన్నారు. తాను ఐదో అంతస్తులో ఉంటానని చెప్పబోయినవాడల్లా వెళ్లి మోటారు వేశాడు.

ట్యాంకు నిండాక ఆవిడ స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చారు. అది తాగుతుండగా ఆటో వచ్చి, హారన్ కొట్టి, వెళ్లిపోయింది. మూడో అంతస్తువాళ్లు పార్సిలొస్తే తీసుకోమన్నారు. రెండో అంతస్తాయన కారు వెనక్కి తీస్తూ చూడమన్నాడు. పదింటికి అసోసియేషన్ ప్రెసిడెంటు అబ్బాయిరాజు గారు దిగారు. తెల్ల చొక్కా, గుబురు మీసం, సొంత రైసుమిల్లు. ఆయన లిఫ్టు దగ్గర కనిపిస్తే పుయా ఐదంతస్తులూ మెట్లెక్కి పోయేవాడు. ఆయన "ఏం బహదూర్, నేపాలా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయారు. మర్నాటికి ఏలూరు నుంచి టోపీ, విజిలూ తెప్పించారు.

ఆ తర్వాత నిజం చెప్పడం రోజురోజుకీ కష్టమైపోయింది. పుయా సాయంత్రం బస్సు దిగి, సందు మలుపులో సంచిలోంచి టోపీ తీసి పెట్టుకునేవాడు. పాపం పగలు ఇంకోచోట కూడా చేస్తున్నాడంట అని అందరూ జాలిపడ్డారు. మంగాయమ్మ గారు బాల్కనీలో కూర్చుని తన కోడలు కుసుమ మీద రోజుకో కథ చెప్పేవారు. విజిల్ ఊదినప్పుడల్లా అతనికి గుండెలో ఎక్కడో గుచ్చుకునేది. కానీ ఐదో అంతస్తు తలుపు వేసుకుంటే వినిపించేది ఫ్రిజ్ చప్పుడొక్కటే. దానికన్నా ఇదే నయమనిపించేది.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం అసోసియేషన్ వార్షికోత్సవమని సెల్లారులో తెర కట్టి ఒక కామెడీ సినిమా వేశారు. అందులో వాచ్‌మన్ రాగానే అందరి తలలూ పుయా వైపు తిరిగాయి. ఒక్కసారి శాబ్ అనమని అబ్బాయిరాజు గారు ముచ్చటపడ్డారు. పుయా అన్నాడు. సెల్లారంతా గొల్లుమంది. మంగాయమ్మ గారైతే కళ్లొత్తుకుంటూ నవ్వారు. అతనూ నవ్వాడు గానీ, ఆ సాయంత్రం ఆవిడ పంపిన కూర మూతైనా తియ్యకుండా ఫ్రిజ్‌లో పెట్టేశాడు.

ఇక చెప్పేయాలని మర్నాడు గట్టిగా నిశ్చయించుకున్నాడు. ఈలోగా అబ్బాయిరాజు గారే హడావుడిగా వచ్చారు. కైకలూరు దారిలో ఆయన కొబ్బరితోటకు తెల్లదోమ పట్టింది. నెలరోజులుగా కాలేజీ చుట్టూ తిరిగితే, ఎవరో లాల్ గారనే పెద్ద డాక్టరు ఈ ఆదివారం తోట చూడ్డానికి ఒప్పుకున్నారు. ఉత్తరాది మనిషట. ఆయన్ని ముందు మన అపార్టుమెంటుకే రమ్మంటానని, కారు దిగగానే సినిమాలోలాగా కాళ్లు టప్పున కొట్టి శాల్యూట్ చెయ్యాలని చెప్పారు.

కాలేజీలో తనకు ఫోన్ చేసి తోట చూడమన్న రాజు గారు ఈయనేనని పుయాకు అప్పుడు అర్థమైంది.

"ఆయన కారులో రాకపోతేనండీ?" అన్నాడు మెల్లగా.

"అంత డాక్టరుగారు నడిచొస్తారా ఏంటి, నీ పిచ్చిగానీ."

ఆదివారం ఎనిమిదికి పూలదండతో అసోసియేషన్ అంతా గేటు దగ్గర బారులు తీరింది. ఎనిమిదింపావుకీ కారు రాలేదు. అబ్బాయిరాజు గారు ఫోన్ చేశారు. వాచ్‌మన్ జేబులో ఫోన్ మోగింది.

"చెప్పండి రాజు గారూ, గేటు దగ్గరే ఉన్నానండీ," అన్నాడు పుయా.

ఆయన పుయాను భుజం పట్టి పక్కకు జరిపి, రోడ్డు మీదికెళ్లి అటూ ఇటూ చూశారు. "ఎక్కడండీ సార్? కనపడట్లేదు."

"మీ వెనకాలేనండీ."

ఆయన తిరిగారు. పుయా టోపీ తీశాడు. దండ ఎవరి చేతిలో ఉందో వాళ్లు దాన్ని మెల్లగా వీపు వెనక్కి దాచుకున్నారు. అబ్బాయిరాజు గారు ఫోన్ జేబులో పెట్టుకుని, ఏమీ అనుకోవద్దని, సినిమాల్లో అలాగే చూపిస్తారు కదా మరని గొణిగారు.

"అవునండీ. నేనూ ఆ సినిమాలే చూశాను," అన్నాడు పుయా. "నన్ను చూడగానే మీకు బహదూర్ కనపడ్డాడు. మీ తెల్ల చొక్కా, మీసం చూసి, మీ మిల్లులో మనుషుల్ని కట్టేసి కొడతారనుకున్నానండీ. నాలుగు నెలలు మీతో లిఫ్టెక్కడానికి భయపడ్డాను."

అబ్బాయిరాజు గారు మీసం తడుముకుని, పక్కనున్న కుర్చీలో కూలబడ్డారు. తాను బల్లి కనపడితే గది వదిలేసే మనిషినని ఆయన ఎవరికీ చెప్పుకోలేకపోయారు.

తోట బాగుపడింది. అపార్టుమెంటు కూడా బాగుపడింది. లిఫ్టులో పుయా కనిపిస్తే ముందు సార్ వెళ్లాలని అందరూ బయటికి వచ్చేస్తున్నారు. మంగాయమ్మ గారు మీరు అనడం మొదలుపెట్టి, బాల్కనీలో కనిపిస్తే నమస్కారం పెట్టి లోపలికి వెళ్లిపోతున్నారు. ఆవిడ మధ్యలో ఆపేసిన కథలో కుసుమ పుట్టింటికి పోతానని బ్యాగు సర్దింది. పోయిందో లేదో పుయాకు ఇప్పటికీ తెలియదు.

జరిగిన పొరపాటుకు పరిహారంగా అసోసియేషన్ ఒక తీర్మానం చేసి, దాన్ని పెద్దక్షరాలతో లిఫ్టు పక్కన అంటించింది. ఐదో అంతస్తులోని డాక్టరు గారిని ఎవరూ ఏ విధంగానూ ఇబ్బంది పెట్టరాదు.

ఆ భవనంలో అందరూ పాటించిన నోటీసు అదొక్కటే.