డిప్యూటీ వొండ్రా ఎవరికీ ఏ మేలూ చేయలేదు

2019 అక్టోబరు తొమ్మిది, బుధవారం నాడు మానవ కృతజ్ఞతకు చరిత్రలో తొలిసారిగా కేసు నంబరు పడింది. ఆ ఘనత నెబ్రాస్కాలోని డన్‌మోర్ కౌంటీ షెరీఫ్ కార్యాలయానికి దక్కింది. ఆ మధ్యాహ్నం సిబ్బంది అంతా చిల్లీ అనే మాంసం కూర, దాల్చినచెక్క రొట్టెచుట్టలు కడుపునిండా తిని ఉన్నారు. (ఆ రెండూ కలిపి తినని మనిషిని ఆ కౌంటీలో కాస్త అనుమానంగా చూస్తారు.) కాబట్టి ఆకలి మీద తొందరపడి నిర్ణయం తీసుకున్నారని ఎవరూ అనడానికి లేదు.

కేసు నంబరు 19-0061. నిందితుడు డిప్యూటీ డెల్మార్ వొండ్రా, వయసు అరవై ఒకటి. కోర్టు కాగితాలను ఇంటింటికీ తీసుకెళ్ళి చేతికివ్వడం అతని పని. ఫిర్యాదుదారు ఐయోనీ కెట్లర్, ఎనభై నాలుగేళ్ళు, లూథరన్ చర్చిలో ఆర్గన్ వాయిస్తుంది.

జరిగిన నేరం ఇది. కెట్లర్ గారి పెద్ద బాతు పక్కింటివాళ్ళ కారు మీద పగబట్టింది. పక్కింటివాళ్ళు దావా వేశారు. ఆ నోటీసు పట్టుకుని వొండ్రా వెళ్ళేసరికి ఆవిడ చేతులు రెండూ మోచేతుల దాకా రొట్టెపిండిలో ఉన్నాయి. నోటీసు చేతికి అందితేనే అందినట్టు లెక్క. అతను నిలబడ్డాడు. వంటింటి పైకప్పుకు బిగించిన పొగ అలారం, బ్యాటరీ అయిపోవచ్చి, నిమిషానికోసారి కీచుమంటోంది. మూడు నెలలుగా అంతేనట. కుర్చీ ఎక్కే వయసు కాదు, రాత్రి నిద్ర లేదు. ఆవిడ పిండి పిసికి పక్కన పెట్టేలోగా వొండ్రా కుర్చీ ఎక్కి బ్యాటరీ మార్చాడు. తరువాత నోటీసు ఇచ్చి, సంతకం తీసుకుని, బాతు కంటబడకుండా వెళ్ళిపోయాడు.

రెండు రోజుల తరువాత కెట్లర్ గారు ఒక రొట్టె గుడ్డలో చుట్టుకుని షెరీఫ్ ఆఫీసుకు వచ్చారు. తినుబండారాలు తీసుకోకూడదని ఆ వేసవిలోనే కొత్త నిబంధన వచ్చింది. చెప్పదలచుకున్నది కాగితం మీద రాసివ్వమన్నారు. మెచ్చుకోలు పత్రాలు 2011లోనే అయిపోయాయి. ఫిర్యాదు పత్రాలు మాత్రం అటకనిండా ఉన్నాయి. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని శ్రద్ధగా నింపింది. "ఆరోపణ స్వభావం" అన్నచోట దురుసు మాట, అతి బలప్రయోగం, ఇతరం అని మూడు గళ్ళుంటే, "ఇతరం" దగ్గర టిక్కు పెట్టి, పక్కన "మంచితనం" అని రాసింది. "గాయాలేమైనా ఉన్నాయా?" అన్నదానికి, ఉన్నాయి, మోకాలికి, కానీ అది 1994 నాటిది అని రాసింది.

పత్రం వృత్తి ప్రమాణాల విభాగానికి చేరింది. ఆ విభాగం పేరు లెఫ్టినెంట్ గార్త్ రస్క్. (విభాగంలో అతనొక్కడే. విభాగపు వార్షిక విందు అతని కారులోనే జరుగుతుంది.) రస్క్ చెడ్డవాడు కాడు. ఖాళీ గడి కనబడితే నిద్ర పట్టని మనిషి, అంతే. పదిహేడేళ్ళలో ఒక్క అబద్ధపు మాట రాసి ఎరగడు. ఫిర్యాదు వచ్చింది కనుక విచారించక తప్పదన్నాడు.

"వొండ్రా గారూ, బ్యాటరీ ఎక్కడిది?"

"కోర్టు గుమ్మం దగ్గర వాడే మెటల్ డిటెక్టరులోది సార్. నా కారులో ఉండిపోయింది. సాయంత్రం కొత్త బ్యాటరీ కొని పెట్టేశాను."

"అయితే ఒప్పుకుంటున్నారు."

"కొన్నానని ఒప్పుకుంటున్నాను."

విచారణ ఎలా ముగియాలో నిబంధనల్లో స్పష్టంగా ఉంది. జరిగింది, తప్పు. జరిగింది, కానీ అనుమతి ఉంది. జరిగిందో లేదో తేలలేదు. అసలు జరగనే లేదు. ఈ నాలుగే దారులు. అనుమతి ఉందని రాయాలంటే, మేలు చేయడానికి అనుమతించే నిబంధన ఒకటి చూపించాలి. రస్క్ ఎనిమిది వందల పన్నెండు పేజీల నియమావళిని మూడు రాత్రులు చదివాడు. కట్టేసిన గేదెజాతి జంతువులను తరలించడం మీద తొమ్మిది పేజీలున్నాయి. మేలు మీద ఒక్క ముక్క లేదు.

ఈలోగా నిందితుడు ప్రజలకు ఎదురుపడకూడదు. వొండ్రాను నేలమాళిగలోకి పంపి, జనం పారేసుకోగా దొరికిన చేతితొడుగులకు చీటీలు కట్టే పని అప్పగించారు. ప్రజలకు ఎదురుపడే ఉద్యోగం అరవై రోజులు ఖాళీగా ఉంటే దాన్ని రద్దు చేసి, కాగితాలను పోస్టులో పంపవచ్చని మరో నిబంధన ఉంది. పైవాళ్ళు అప్పటికే తపాలా బిళ్ళల ధర కనుక్కున్నారు.

వొండ్రాకు చేతితొడుగుల మీద కోపం లేదు. కానీ మూడేళ్ళ కిందట భార్య లొరీన్ పోయాక అతని ఇంట్లో మాట వినబడటం మానేసింది. రోజుకు పది పన్నెండు గుమ్మాలు ఎక్కేవాడు. కాగితం చూసి జనం ముందు తిట్టేవారు, తరువాత కాఫీ తాగుతావా అనేవారు. అతనికి ఆ రోజు మాటలన్నీ అవే. ఆ గుమ్మాల దారి పోతే, మిగిలేది రేడియో.

ఆఫీసు రికార్డులు చూసే ట్వైలా బెక్‌మన్ మూణ్ణెల్లకోసారి "మన నక్షత్రం" అనే వార్తాపత్రిక కూడా నడుపుతుంది. ఊరి కబుర్లు, గుమ్మడికాయల పోటీ ఫలితాలు, ఉత్తమ ఉద్యోగి ఫొటో అందులో వస్తాయి. గత మూడుసార్లు ఆ ఫొటో బ్రూనో అనే పోలీసు కుక్కదే. (దాని మీద ఒకే ఒక్క ఫిర్యాదు, షెరీఫ్ గారి భోజనం తినేసిందని. విచారణలో "జరిగింది, కానీ అనుమతి ఉంది" అని తేలింది.) అక్టోబరు సంచికలో ట్వైలా మంచి ఉద్దేశంతోనే, డిప్యూటీ వొండ్రా ప్రస్తుతం నేలమాళిగలో ఉన్నారని ఊరి కబుర్లలో వేసింది.

జనానికి మండింది. ఆయన ఎంత మంచివాడో చెబుదామని ఒకరి వెనక ఒకరు ఆఫీసుకొచ్చారు. అందరికీ అదే పత్రం ఇచ్చారు. నవంబరు చివరికి మరో నలభై మూడు ఫిర్యాదులు చేరాయి. కౌంటీ చరిత్రలో ఒక అధికారి మీద అన్ని ఆరోపణలు ఎన్నడూ రాలేదు. 1957లో జైలు పశువుల్ని అమ్ముకున్న షెరీఫ్ మీద కూడా పదకొండే.

"నువ్వు చచ్చినా ఇంతమంది రారయ్యా," అంది ట్వైలా నేలమాళిగ మెట్ల మీద కూర్చుని. "ఇంకొక్కరు మెచ్చుకున్నారంటే నిన్ను జైల్లో పెడతారు."

వొండ్రా ఒక ఎర్ర తొడుగుకు చీటీ కడుతూ, పాపం వాళ్ళకేం తెలుసు అన్నాడు. ట్వైలా ఇక ఆలస్యం చేయలేదు. మిగిలిన దారి ఒక్కటే, "అసలు జరగనే లేదు" అన్నది. ఫిర్యాదు చేసినవాళ్ళందరికీ వరసగా ఫోన్లు చేస్తూ రెండు రోజులు కూర్చుంది.

డిసెంబరు అయిదు, గురువారం ఉదయం నలభై నలుగురూ ప్రమాణం చేయడానికి వరుసలో నిలబడ్డారు. తెచ్చిన తీపి బిళ్ళల పళ్ళేలను నిబంధన ప్రకారం కార్లలోనే వదిలి వచ్చారు. వొండ్రా ఎదురుగా, గోడవార కుర్చీలో కూర్చున్నాడు. నిందితుడు వినాలన్నది కూడా నిబంధనే.

ముందు రైతు ఓర్విల్ టెష్ వచ్చాడు. "మా ఆవు కడుపులో దూడ అడ్డం తిరిగినప్పుడు ఇతను చొక్కా విప్పి లోపల చెయ్యి పెట్టి లాగలేదు. అసలా రాత్రి రానే లేదు."

"ఏ రాత్రి?" అన్నాడు రస్క్.

"అదే, రాని రాత్రి."

రస్క్ రాసుకున్నాడు. తరువాత ఒక నర్సు వచ్చి, తనకు విడాకుల కాగితం ఇచ్చిన రోజున ఈ డిప్యూటీ వెంటనే వెళ్ళిపోయాడనీ, తన ఏడుపు ఆగేదాకా మెట్ల మీద కూర్చోలేదనీ చెప్పింది. చెప్పేటప్పుడు అతని వైపు చూడలేదు. వొండ్రా తన బూట్లు చూసుకున్నాడు. ముప్ఫై ఒక్కేళ్ళ ఉద్యోగంలో తాను చేయని పనులన్నీ ఒక్కొక్కటే వినబడుతుంటే, అందులో సగం అతనికే గుర్తు లేవు.

చివరగా కెట్లర్ గారు. అబద్ధం ఆడే మనిషి కాదని అందరికీ తెలుసు. వరుసలో ఉన్నవాళ్ళెవరూ ఇంటికి వెళ్ళలేదు.

"మీ అలారం బ్యాటరీ ఇతను మార్చాడా, కెట్లర్ గారూ?"

ఆవిడ తలెత్తి పైకప్పుకేసి చూసింది. "మోత ఆగిపోయింది నాయనా. ఎవరు ఆపారో దేవుడికే తెలుసు."

"దేవుడని రాసుకోమంటారా?"

"రాసుకో. ఆయన మీద ఇప్పటికే బోలెడు ఫిర్యాదులున్నాయి."

రస్క్ రాసుకున్నాడు.

మధ్యాహ్నానికి ట్వైలా శీతాకాలపు సంచిక సిద్ధం చేసేసింది. ఉత్తమ ఉద్యోగిగా డెల్మార్ వొండ్రా ఫొటో, కింద ఈ మాటలు: "ముప్ఫై ఒక్కేళ్ళ సేవలో ఏ పౌరుడికీ ఏ మేలూ చేయలేదని నలభై నలుగురు ప్రమాణపూర్వకంగా ధ్రువీకరించిన ఏకైక అధికారి." షెరీఫ్ గారు చదివి, బాగుందన్నారు. (బ్రూనో అభిప్రాయం తెలియరాలేదు.)

ఫైలు మూయడానికి ఇంకొక్క కాగితం మిగిలింది. మర్నాడు శుక్రవారం, అరవై రోజుల గడువుకు ఆఖరి పనిదినం. ఆఫీసు మూసే వేళకు రస్క్ వొండ్రాను తన గదిలోకి పిలిచాడు. బల్ల మీద విచారణాధికారి ప్రకటన ఉంది. "నిందితుని వల్ల నేను గానీ నా కుటుంబం గానీ ఎన్నడూ ఏ మేలూ పొందలేదు" అని అచ్చయి ఉంది. కింద సంతకం గడి ఖాళీగా ఉంది.

"ఇది లేకపోతే ఆ నలభై నాలుగూ చెల్లవు," అన్నాడు రస్క్. కలం చేతిలోనే ఉంది, కాగితాన్ని తాకడం లేదు. "2008 జనవరిలో, ఆ మంచు తుఫాను రాత్రి, మా నాన్న..."

వొండ్రాకు అది మాత్రం గుర్తుంది. మతి తప్పిన ముసలాయన ఇంటి చెప్పులతో బయలుదేరి, రైలుకట్ట పక్క ధాన్యపు గిడ్డంగి దాకా నడిచాడు. వొండ్రా తన కోటు కప్పి కారెక్కించాడు. దారిపొడుగునా ఆయన "గార్త్, గార్త్" అని పిలుస్తుంటే, "ఊఁ, నాన్నా" అంటూ ఇంటికి తీసుకొచ్చాడు.

"మీ నాన్నగారిని నేనెప్పుడూ కలవలేదు సార్," అన్నాడు వొండ్రా.

రస్క్ అతని ముఖంలోకి చూశాడు. "ఖాయమేనా, డెల్మార్?"

"ఖాయమే. ఆ రాత్రంతా నా కోటు నా ఒంటి మీదే ఉంది."

రస్క్ సంతకం పెట్టాడు. పదిహేడేళ్ళ చేతిరాత మొదటిసారి గీత దాటింది. "పై విషయం అక్షరాలా నిజం" అన్నచోట వొండ్రా సంతకం పెట్టాడు. సోమవారం నుంచి నీ గుమ్మాల దారి మళ్ళీ నీదే అని రస్క్ చెప్పాడు, కానీ తల ఎత్తలేదు, భుజాలు కదులుతున్నాయి. వొండ్రా టోపీ తీసుకుని బయటికొచ్చి, నడవలో వెళ్ళేవాళ్ళెవరికీ రస్క్ కనబడకుండా తలుపు మెల్లగా మూశాడు.

(తలుపులు మూయడం అతని విధుల్లో లేదు. దాని మీద ఇంతవరకు ఫిర్యాదేమీ అందలేదు.)