మల్లవ్వ ఎటు పోయింది?

ఆదివారం పొద్దున రాంచందర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి కాలనీ హాల్లో తన కొత్త బొమ్మల పుస్తకం విడుదల. పన్నెండున్నరకు ఇంటికి రావడం, ఒంటిగంటకు మటన్ కుక్కర్‌లో పెట్టడం. బొగ్గుబావి స్టోర్‌లో పనిచేసే భార్య అనసూర్య మొదటి షిఫ్టు దిగి మూడు దాటాక వచ్చేసరికి కూర వేడిగా ఉండాలి. ఉద్యోగం ఆమెది, వంట అతనిది. పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో గరిటె పట్టేది రాంచందరే గాని, ఆ సంగతి గడప దాటకుండా కంటికి రెప్పలా కాపాడుకుంటూ వచ్చాడు.

"మటన్ల ఉప్పు జర సూసుకొని ఎయ్యి. పోయిన ఆదివారం నోట్ల పెట్టరాలే," అంది అనసూర్య, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటూ.

"నువ్వు గూడ హాలుకు వస్తే మంచిగుంటుండె."

"మూడింటి దాక డ్యూటీ. వచ్చినా ఏం జేస్త? మల్ల ఎవలో ఒక పిల్ల బాయిల పడ్తది, ఎవడో ఒకడు తీస్తడు."

"ఈ పుస్తకంల ఎవ్వలు పడరు."

"సూద్దాం తీ," అని ఆమె వెళ్లిపోయింది.

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. కాలనీ గోడల మీద భద్రతా నినాదాలు రాసుకునే రాంచందర్, తొమ్మిదేళ్ల కిందట ఫోన్‌లో జపాను బొమ్మల కథలు, అదే మాంగాలు, చూసి మనసు పారేసుకున్నాడు. అదే పద్ధతిలో 'బొగ్గులపులి' అని ఒక కథ మొదలుపెట్టి వారం వారం ఫోన్‌లోనే పెట్టేవాడు. అందులో హీరో హెల్మెట్ తీస్తే జుట్టు కోసిన జొన్నచేనులా నిక్కబొడుచుకుని ఉంటుంది. ఒక్క గుద్దుకు బొగ్గుపెళ్లలతో పాటు దుర్మార్గులు కూడా రాలిపడతారు. రత్నమాల అని ఒక అమ్మాయి కూడా ఉంది. బావిలో పడటం, అరవడం, బయటికి వచ్చాక హీరో వైపు కళ్లింత చేసుకుని చూడటం ఆమె ఉద్యోగం. కాలనీ నుంచి పెద్దపల్లి దాకా కుర్రకారు ఆ కథకు వెర్రెత్తిపోయింది. అనసూర్య మాత్రం మూడో బావి దగ్గరే చదవడం మానేసింది.

మానకుండా చివరిదాకా చదివిన ఆడమనిషి ఒక్కతే, రిటైరైన టీచరు జ్యోతిరాణి. ఆమె ఒకరోజు ఉత్తరం రాసింది. "మీ రత్నమాల ఇప్పటికి నలభై మూడుసార్లు బావిలో పడింది. ఆ పిల్లకు కళ్లు కనిపించవా, లేక మీకా?" రాంచందర్ ఆ ఉత్తరాన్ని మూడు రోజులు జేబులో పెట్టుకుని తిరిగి, చివరికి భార్యకు చూపించాడు. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. ఉత్తరం కంటే ఆ నవ్వే అతనికి ఎక్కువ గుచ్చుకుంది. నెల తిరిగేలోగా బొగ్గులపులికి మోకాళ్ల నొప్పులు తెప్పించి, ఉద్యోగం నుంచి రిటైర్ చేయించి, కథకు మంగళం పాడేశాడు.

అప్పుడు జ్యోతిరాణే కబురు పెట్టింది. ఆమె ఆదిలాబాద్ వైపు ఆడపిల్లల హాస్టళ్లలో పుస్తకాలు చదివించే పని చూస్తుంది. అక్కడి పిల్లలకు ఇంట్లో గోండి, సంతలో మరాఠీ, బడిలో తెలుగు. కనుక ఒక్క మాట కూడా లేకుండా, పేజీకి ఒక బొమ్మ చొప్పున ఒక ఆడమనిషి కథ గీసి ఇమ్మంది. బాగుంటే నెలకొక పుస్తకం. బాగాలేకపోతే రాంచందర్ తిరిగి గోడల దగ్గరికి పోవాల్సిందే; ఉన్న ఒక్క పులినీ ఇంటికి పంపేశాడు కదా.

అతను ఇరవై నాలుగు బొమ్మలు ప్రాణం పెట్టి గీశాడు. మొదట మల్లవ్వ పొయ్యి ఊదుతుంది, పొగకు కళ్లల్లో నీళ్లు, మొగుడు మంచం మీద కాలు మీద కాలేసుకుని ఉంటాడు. నడుమ ఆమె బొగ్గు మోసే డంపర్ లారీ తోలడం నేర్చుకుంటుంది, మొగుడికి మెల్లగా బుద్ధి వచ్చి తానే ఆమె నెత్తిన హెల్మెట్ పెడతాడు, అన్నం మాడగొడతాడు, వంట నేర్చుకుంటాడు. చివరికి ఆమె కొండంత డంపర్ మీద కూర్చుని, ఆనందంతో కళ్లనీళ్లు పెట్టుకుని లోకాన్ని చూస్తుంటే, మొగుడు కింద సద్ది డబ్బా పట్టుకుని నిలబడతాడు. ఆ డబ్బా అచ్చం అనసూర్యదే, మూతకు సొట్టతో సహా.

కరీంనగర్‌లో డిగ్రీ చదివే కూతురు సృజన ఫోన్‌లో ఒక్కటే పట్టుపట్టింది. "బాపు, మాంగా అంటే కుడి దిక్కు నుంచి తెరవాలె. ఎడమ నుంచి తెరిస్తే మాంగా గాదు, పెండ్లికార్డు." అందుకని రాంచందర్ పుస్తకాన్ని కుడివైపు నుంచి తెరుచుకునేలా కుట్టి, మొదట్లో ఒక కాగితం మీద 'కుడి నుంచి మొదలు' అని రాసి, బాణం గుర్తు వేసి, పెద్దపల్లిలో ప్రెస్సు నడిపే కైలాసానికి ఇచ్చాడు.

కైలాసం ముప్పై ఏళ్లుగా పెళ్లికార్డులు అచ్చు వేస్తున్నాడు. పుస్తకం చేతికి తీసుకుని మామూలుగా తెరవగానే అతనికి జాలి వేసింది. ముఖచిత్రం వెనక్కి పోయింది. పాపం, తొందరలో ఉండి ఉంటాడు. అట్టలు రెండూ అటుదిటు మార్చాడు. బాణం కాగితం ప్రెస్సువాడికి రాసిన సూచన కాబోలనుకుని తీసి పక్కన పెట్టాడు. 'శుభం' అని రాసిన పేజీ అన్నిటికంటే ముందు వచ్చింది. శుభం ముందుండక వెనుక ఉంటుందా? అంతా సక్రమంగా ఉందని మూడు వందల ప్రతులు వేసి కట్టలు కట్టాడు.

రాంచందర్ మామ బుచ్చిరాములును వెంటబెట్టుకుని, ఇంటికి తాళం వేసి హాలుకు బయలుదేరాడు. మామకు ఎనభై ఆరేళ్లు. చిన్నప్పుడు నాలుగో తరగతి దాకా ఉర్దూలోనే చదివాడు. తెలుగు అక్షరం రాదు. అలవాటు కొద్దీ పంచాంగమైనా, గ్యాస్ పుస్తకమైనా కుడివైపు నుంచే తెరుస్తాడు. కాలనీలో అందరూ అందుకు నవ్వుతారు.

పదకొండింటికి పుస్తకాలు తేవాల్సిన కైలాసం ఒంటిగంటన్నరకు వచ్చాడు. దారిలో ఆటో టైరు పంక్చరైంది. కట్టలు దించీ దించకముందే పంచేశారు. రంగు కాగితం చుట్టిన ఒక ప్రతి వేదిక ఎక్కింది, దాన్ని జ్యోతిరాణి విప్పి తన దగ్గరే పెట్టుకుంది. రాంచందర్ దూరం నుంచి ముఖచిత్రం చూసి, రంగు బాగా వచ్చిందని మురిసిపోయాడు. ముందు వరుసల నిండా మహిళా సంఘాల వాళ్లున్నారు. వెనుక బొగ్గులపులి అభిమానులు ఇరవైమంది నల్లగుడ్డలు జేబుల్లో పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ల నాయకుడు పోశం. ఫైటింగులు మానేసి ఆడవాళ్ల కథలు గీస్తున్నందుకు నిరసన తెలపడం వాళ్ల కార్యక్రమం.

"మీరు పేజీలు తిప్పుకుంట ఉండున్రి, నేను రెండు ముచ్చట్లు చెప్త," అని రాంచందర్ మైకు అందుకున్నాడు. "గీ మల్లవ్వ ఎవలో గాదు, నా భార్యే. నేను మా ఇంట్ల చేసిందే గీసిన. ఇన్ని దినాలు చెప్పనీకి సిగ్గుపడ్డ. ఇయ్యాల సిగ్గు ఇడిసిపెట్టిన."

హాలంతా పేజీల చప్పుడు. మూడొందల చేతుల్లో మల్లవ్వ డంపర్ మీద నుంచి ఒక్కొక్క మెట్టే దిగి వస్తోంది. ముందు వరుసలో ఒకామె పక్కామెను మోచేత్తో పొడిచింది.

జ్యోతిరాణి కళ్లద్దాలు సవరించుకుంది. "రాంచందర్ గారూ, పదమూడో పేజీల మొగడు ఆమె నెత్తి మీది హెల్మెట్ పట్టుకున్నడు. ఏం చేస్తున్నట్టు?"

"నాకు అన్నిట్ల ఇష్టమైన బొమ్మ అదే మేడం. మొగోనికి తెలివి వచ్చిందే ఆడ. హాలుల ఉన్న ప్రతి మొగోడు ఇంటికి పోయి అదే పని చేయాలె."

వెనుక వరుసల్లో ఎవరో ఈల వేశారు. జ్యోతిరాణి పేజీలు గబగబా తిప్పి చివరిదానికి వచ్చింది. "మరి ఆఖరి బొమ్మల ఈమె కండ్లల్ల నీళ్లు ఎందుకున్నయి?"

"సంతోషంతోటి మేడం," అన్నాడు రాంచందర్. "ఇన్నేండ్లకు ఆమె జాగ ఆమెకు దొరికింది గదా."

ఆఖరి బొమ్మలో మల్లవ్వ పొయ్యి ఊదుతోంది.

ముందు వరుసలు ఒక్కసారిగా లేచాయి. "గింత మోసమా," అంది ఒకామె. "బాయిల పడ్డప్పుడే నయముండె, తీసెటోడన్న ఉండె," అంది ఇంకొకామె. వెనుక మాత్రం పండగ. నల్లగుడ్డలు జేబుల్లోనే ఉండిపోయాయి. పోశం వేదిక మీదికి దూకి, జ్యోతిరాణి కోసం తెచ్చిన బంతిపూల దండ తీసి రాంచందర్ మెడలో వేశాడు.

"అన్నా, నిన్ను తప్పు అనుకున్నం. మాఫ్ చెయ్యి. ఫైటింగు లేకున్నా నువ్వు మా దిక్కే ఉన్నవ్."

రాంచందర్‌కు ఏమీ పాలుపోలేదు. తిట్టాల్సినవాళ్లు దండ వేస్తున్నారు, దండ వేయాల్సినవాళ్లు తిడుతున్నారు. ఏం తప్పు జరిగిందో తెలియక, ఉన్న అభిమానం కాపాడుకుందామని దండ సర్దుకున్నాడు. అది ముందు వరుసల వాళ్లకు ఇంకా మండించింది.

ఈ గోలలో బుచ్చిరాములు కర్ర పట్టుకుని లేచాడు. "శాబాష్ అల్లుడా. ఆడిబిడ్డను ఎంత ఎత్తుల కూసోబెట్టినవ్. నా కండ్లల్ల నీళ్లు వచ్చినయి."

"తాతా, నువ్వు గూడ ఎక్కిరిస్తున్నవా?" అంది జ్యోతిరాణి.

"ఎక్కిరించుడేంది బిడ్డా. లారీ మీద ఎక్కిందా లేదా?"

"ఎక్కలే, దిగింది."

"ఎక్కింది."

ముసలాయనకు చూపు మందగించిందని అంతా తీర్మానించారు. ఆయన తన మాట మీద నిలబడ్డాడు. ఎక్కింది, దిగింది అంటూ వాదన మూడు దాటేదాకా సాగింది. మహిళా సంఘం వాళ్లు రెండుగా చీలారు: పుస్తకాలు వాపసు ఇచ్చేద్దామని కొందరు, హాలు ముందే కుప్ప పోసి తగలబెడదామని కొందరు. చివరికి జ్యోతిరాణి మైకు తీసుకుంది. "ఈ పుస్తకం ఏ హాస్టల్‌కూ పోదు. రేపే రాసి పంపుతున్న," అంది. రాంచందర్ కుర్చీలో కూలబడ్డాడు. ఇరవై నాలుగు బొమ్మలూ కళ్లముందు తిరిగాయి. వాటి పక్కనే ఖాళీ గోడలు కూడా కనిపించాయి. ఏడుపొక్కటే తక్కువ.

సరిగ్గా అప్పుడు చీర మీద కంపెనీ కోటుతో అనసూర్య హాల్లోకి వచ్చింది. ఇంటికి తాళం, కడుపులో ఆకలి. తాళంచెవి అడగడానికి వచ్చిన మనిషికి మొగుడు మెడలో దండతో, చావు కబురు విన్న మొహంతో కనిపించాడు.

"సూడమ్మా, నీ మొగడు నీ కథ ఎట్ల గీసిండో," అని ఒకామె అంది. అనసూర్య ఎవరిదో పుస్తకం అందుకోబోతుంటే, బుచ్చిరాములు తన చేతిలోది తెరిచి ఆమె చేతిలో పెట్టాడు, కుడివైపు నుంచి.

ఆమె నిలబడే చూసింది. పొయ్యి దగ్గర కనుబొమలు ముడిచింది. హెల్మెట్ దగ్గర ఆగింది. మాడిన అన్నం దగ్గర ఫక్కున నవ్వింది. చివరి పేజీలో సొట్టపోయిన డబ్బా మూతను వేలితో తాకి చూసి, మొగుడి వైపు చూసింది.

"మంచిగనే ఉన్నది. మా ఇంట్ల గిట్లనే ఉంటది. దీనికి గింత లొల్లి ఎందుకు?"

"ఉద్యోగం ఇడిసి పొయ్యి కాడికి వచ్చుడు మంచిగుందా?" అంది జ్యోతిరాణి.

"వచ్చుడేంది మేడం? పొయ్యి కాడి నుంచే గదా పోయింది."

జ్యోతిరాణి ఆమె చేతిలోని పుస్తకాన్నీ తన చేతిలోని పుస్తకాన్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత మెల్లగా తన పుస్తకాన్ని తిరగేసింది. ఆమెను చూసి ముందు వరుస తిరగేసింది, ముందు వరుసను చూసి వెనుక వరుస. హాలంతా పేజీల చప్పుడు. మల్లవ్వ మళ్లీ మెట్లెక్కి డంపర్ మీద కూర్చుంది. అందరి కళ్లూ ప్రెస్సు కైలాసం మీద పడ్డాయి.

"నేనేం జేసిన?" అన్నాడు కైలాసం. "శుభం అని ఆఖర్న పెట్టి ఇచ్చిండు. ఏ కార్డుల అట్లుంటది? నేనే సరిజేసిన."

అరగంటలో అంతా తారుమారైంది. జ్యోతిరాణి బుచ్చిరాములుకు దండం పెట్టి, నెలకొక పుస్తకం ఒప్పుకుని, ఒక్కో ప్రతి మీదా బాణం గుర్తు ముద్ర కొట్టి పంపమంది. బాణం కొట్టే పని కైలాసానికే పడింది. ముందు వరుసలు చప్పట్లు కొట్టాయి. పోశం వేదిక దగ్గరికి వచ్చి దండ వాపసు అడిగాడు. రాంచందర్ ఇవ్వలేదు.

ఇంటికి నడుస్తుంటే అనసూర్య మెల్లగా అంది. "ఇన్నేండ్లకు ఒక్కటి మంచిగ గీసినవయ్యా." చప్పట్లు, దండ, నెలకొక పుస్తకం అన్నీ ఆ మాట ముందు దిగదుడుపే అనిపించింది అతనికి. కళ్లు తుడుచుకుని, దుమ్ము పడిందన్నాడు.

ఇల్లు చేరగానే ఫోన్లు మొదలయ్యాయి. రాంచందర్ మంచం మీద చేరబడి, దండ తీయకుండానే, కాలు మీద కాలేసుకుని అందరికీ వివరించసాగాడు. "ఇంటిపని ఆడోళ్లదే అనుకునుడు తప్పు, కాకా. మనం మారాలె. నేనైతే పన్నెండేండ్ల కిందనే మారిన." సృజనకు చెప్పాడు, లక్సెట్టిపేట బావమరిదికి చెప్పాడు, ఎవరో తెలియని నంబరుకు కూడా చెప్పాడు. పచ్చి మటన్ వాకబు చేసే నాథుడు లేడు. ఆకలికి ఆగలేక అనసూర్య కోటు కూడా విప్పకుండా వంటింట్లోకి పోయి ఉల్లిగడ్డలు కోయడం మొదలుపెట్టింది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి.

గుమ్మంలో కూర్చున్న బుచ్చిరాములు మంచం వైపు చూశాడు. వంటింటి వైపు చూశాడు. ఒళ్లోని పుస్తకం ఒకసారి తిరగేసి చూసుకున్నాడు.

"అల్లుడా, మనింట్ల మల్ల ఎడమ దిక్కు నుంచి సదువుతున్నట్టున్నరు."

ఫోన్ మాట మధ్యలోనే ఆగిపోయింది. రాంచందర్ దండతోనే లేచి వంటింట్లోకి పరుగెత్తి, భార్య చేతిలోంచి కత్తి లాక్కుని, మటన్ పొయ్యి మీద పెట్టి, ఆ కంగారులో మంట పెద్దది చేశాడు. మాడిన కూర కుడి నుంచి తిన్నా, ఎడమ నుంచి తిన్నా ఒక్కటే రుచి.