మేస్త్రీగారి చేపల సంసారం

ఆ ఉదయం టైల్స్ మేస్త్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. పెరటి కొలనులో చేపపిల్ల ఒక్కటైనా కనిపిస్తే కాఫీ తాగడం, లేదంటే మానేయడం. పని మానుకున్నాక ముచ్చటపడి కట్టుకున్న కొలను అది. "ఎర్రచేపలు ఒక్కసారే కొంటాను. ఆపైన వాటి సంసారం అవే చూసుకుంటాయి. మళ్ళీ కొనాల్సొస్తే కొలను పూడ్చేసి నీకు కుట్టుమిషను గది కట్టిస్తా" అని భార్యకు మాటిచ్చాడు. చేపలు బలిశాయి గాని పిల్లల జాడ లేదు. ఈ వానాకాలమే ఆఖరి గడువు.

తనవైపు లోపమేమీ లేదని ఆయన నమ్మకం. చేపలమ్మినవాడు చెప్పినట్టే నీళ్ళలో నాచుమొక్కలు వేశాడు. కాకపోతే జీవితమంతా తళతళలాడే నేలలు పరిచిన చెయ్యి. జిగురు తగిలితే ఒళ్ళు జలదరిస్తుంది. అందుకే వారం వారం పాత నాచు పీకి గోడవతల పడేసి, కొత్తది వేసి, అంచులన్నీ బ్రష్షుతో తోమేవాడు. గోడవతల ఉన్నది, ఆ స్థలం కొన్న కంపౌండరు తవ్వించి వదిలేసిన పునాది గొయ్యి. అందులో నిండా వాననీళ్ళు.

పిల్లలు లేకపోయేసరికి ముందు పిల్లిని అనుమానించాడు, తర్వాత కొంగను, చివరికి బావమరిదిని.

"మీ తమ్ముడు వచ్చినప్పుడల్లా కొలను దగ్గరే ఎందుకు నిలబడతాడు?"

ఆ పూట భార్య కంచం ఠక్కున ముందుపెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అయినా, గట్టున గొంతుక్కూర్చుని నీళ్ళలోకి ఆశగా చూసే మొగుణ్ణి చూస్తే ఆవిడకు జాలేసింది. గది పోతే పోయిందనుకుని, తమ్ముడి చేత చేపపిల్లలు తెప్పించి చాటుగా వదిలింది.

మర్నాడు మేస్త్రీ కేకకు వీధి వీధంతా వచ్చింది. పక్కింటి మాస్టారు, చేతికిచ్చిన కాఫీ గ్లాసుతోనే వంగి చూశాడు.

"తల్లేమో ఎర్రగా ఉంది. పిల్లలకు చారలేంటండీ?"

"తాత పోలిక."

"తాతని మీరు చూశారా?"

"మీరు చూశారా?"

మాస్టారు కాఫీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళిన గుమ్మంలోంచే కంపౌండరు వచ్చాడు, చేతిలో నాచు ముద్దతో.

"పని మళ్ళీ మొదలెడదామని గోతిలో నీళ్ళు తోడిస్తున్నానండీ. అన్నీ ఎర్రచేపలే, చిన్నా పెద్దా బోలెడు. మీవేనా?"

"మావి గోడెలా దూకుతాయి?"

"దూకలేదు. మీరే విసిరారు."

ముద్దనిండా సన్నని పూసల్లా గుడ్లు అంటుకుని ఉన్నాయి. తన చేపల సంతానాన్ని వారం వారం తన చేత్తోనే గోడ దాటించానని మేస్త్రీకి అర్థమైంది.

"మరి ఇవెవరి పిల్లలు?" అన్నాడు నీరసంగా, కొలనులోని చారల చేపల్ని చూపిస్తూ.

"కొన్నవేనండీ," అంది భార్య. "మీ మొహం చూడలేకపోయాను."

గది మీద ఆవిడకెంత ఆశో ఆయనకు తెలుసు. కళ్ళు చెమర్చాయి. అది కనబడకుండా బకెట్టు అందుకుని, గుంపులో నిలబడ్డ బావమరిదికీ ఒకటిచ్చి, గోతివైపు నడిచాడు.

చేపలు కొలను చేరాయి. మళ్ళీ కొన్నారు గనక మాట ప్రకారం గదీ లేచింది, కొలను పూడ్చకుండానే, వసారా పక్కన. కొలను బాధ్యత మాత్రం ఇప్పుడు ఆవిడది. అంటే, దాన్నెవరూ ముట్టుకోరు.