చెవికొక సంస్థ

తొమ్మిదింటికి ఎడమ చెవి, పదకొండింటికి కుడి చెవి. ఆ పొద్దున అల్లుడు వేసుకున్న లెక్క అంతే.

గుండీలు, దారాలు అమ్మే ఆ కొట్లో గల్లా దగ్గర ఎప్పుడూ అత్తగారే. ఈమధ్య ఆవిడ చెవులు మొరాయించాయి. నల్ల గుండీలడిగితే తెల్ల జిప్పులిస్తోంది. దర్జీలు ఒక్కొక్కరే ఎదురు కొట్టుకి జారుకుంటున్నారు. వచ్చే నెలకల్లా వినపడకపోతే గల్లా తనకప్పగించి ఇంట్లో కూర్చోమని కూతురు తేల్చేసింది.

రెండు చెవులకీ వినికిడి మిషన్లు ఉచితంగా ఇవ్వడానికి ఏ సేవాసంస్థా ఒప్పుకోలేదు. సరుకంతా ఒకచోట దొరక్కపోతే రెండుచోట్ల తెచ్చుకుంటాం. అల్లుడూ అదే చేశాడు. చెవికొక సంస్థని పట్టుకుని, ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పలేదు.

ఎడమ సంస్థ టెక్నీషియన్ రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. అతను మిషన్ పెట్టి ఫొటో తీసేలోపే కుడి సంస్థ మేడమ్ దిగింది. ఆవిడా పెట్టింది, ఫొటో తీసింది. అప్పుడు చూసుకున్నారు ఒకళ్ళనొకళ్ళు.

"డజను నల్ల గుండీలమ్మా, నాలుగు కన్నాలవి," అన్నాడు బేరానికొచ్చిన దర్జీ.

అత్తగారు తడుముకోకుండా నల్ల గుండీల డబ్బా తీసింది. "అల్లుడూ, వినపడుతోందయ్యా!"

"మాదేనండీ అది," అన్నాడు టెక్నీషియన్.

"మీది పెట్టినప్పుడు ఈవిడ ఉలకలేదు, పలకలేదు," అంది మేడమ్. "మామ్మగారూ, ఆ పక్కది తీసెయ్యండి, మాదెంత బాగుంటుందో!"

"ముందు మీది తీయించండి మేడమ్!"

ఇద్దరూ ఫోన్లు తీసి, ఎవరి మిషన్‌కి వాళ్ళు శబ్దం పెంచారు. చెవులు రెండూ కీచుమన్నాయి. అత్తగారు ఉలిక్కిపడి లేచింది. డబ్బా బోర్లాపడింది. ఆపబోయిన అల్లుడు గుండీల మీద కాలేసి దర్జీ ఒళ్ళో పడ్డాడు.

"లేవయ్యా బాబూ, నేను కొలతలు తీసుకోవడానికి రాలేదు," అన్నాడు దర్జీ.

టెక్నీషియన్ బయటికెళ్ళి పైఅధికారికి ఫోన్ చేశాడు. "సార్, ఇక్కడ ఇంకో సంస్థ కూడా ఇచ్చేసింది. ఏం చెయ్యమంటారు? హలో... హలో సార్?"

"మాట్లాడుతున్నారు బాబూ," అని లోపలినుంచి అత్తగారు పిలిచింది. మిషన్ ఇంకా బ్లూటూత్‌తో అతని ఫోన్‌కే కలిపి ఉంది. "ఫొటో అయ్యిందా అంటున్నారు. అయితే మనది పీక్కొచ్చెయ్, ఇంకోచోట పెట్టి ఇంకో ఫొటో తీసుకోవచ్చు అంటున్నారు. వాళ్ళు ఎలాగూ ఇచ్చాక మన మిషన్ దండగట."

మేడమ్ ముందుగా తేరుకుంది. "మాకూ అదే రూలండి. ఇంకొకరిచ్చాక మేమివ్వం."

"ఒక్కటైనా ఉంచండి మేడమ్, గల్లా పోతుంది ఆవిడకి," అని అల్లుడు చేతులు పట్టుకోబోయాడు.

"వాళ్ళనడగండి."

"వాళ్ళనే అడగండి," అంటూ టెక్నీషియన్ లోపలికొచ్చాడు.

ఇద్దరూ చెరోవైపు చెయ్యి పెట్టారు. అత్తగారు తల వెనక్కి లాక్కుంది. "ఈ దర్జీగారి బేరమైనా అవనివ్వండమ్మా."

అవనివ్వలేదు. వచ్చే నెల మొదటి రోజున గల్లా దగ్గర కూతురు కూర్చుంది.

రెండు సంస్థల నివేదికలూ కలిపి చూస్తే, అత్తగారికిప్పుడు రెండు చెవులూ వినపడుతున్నాయి.